చార్మినార్: బందరు బాట మొదట్లో నాలుగు మినార్లు

హైదరాబాదు పాతబస్తీ నడిబొడ్డున, మూసీకి దక్షిణాన ఉన్న నాలుగు మినార్ల కట్టడం చార్మినార్. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల్లో అయిదవవాడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీన్ని 1591లో కట్టించాడు. మహమ్మారి తగ్గినందుకు గుర్తుగా కట్టించాడన్న మాట జనంలో బలంగా ఉంది. హిజ్రీ శకం వెయ్యో ఏడు వచ్చిన సందర్భంగా కట్టారన్నది రెండో వాదన. కాలంతో సరిగ్గా సరిపోయేది ఇదే కాబట్టి దీన్నే నమ్మవచ్చు.

చార్మినార్‌ను ఒంటరి కట్టడంగా చూస్తే సగమే అర్థమవుతుంది. గోల్కొండ కోట ఇరుకైపోయినప్పుడు మూసీ అవతల కొత్త నగరానికి పథకం వేశారు. పీష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ గీసిన ఆ పథకానికి నడిబిందువు ఇదే. నాలుగు కమాన్ల కిందనుంచి నాలుగు దిక్కులకు దారులు పోతాయి. గోల్కొండ అంగళ్లను మచిలీపట్నం (బందరు) రేవుతో కలిపిన వర్తకపు బాట ఇటుగానే సాగేది. వజ్రాలు, కలంకారీ బట్టలు ఆ రేవు నుంచే ఓడలెక్కాయి. ఇప్పుడు హైదరాబాదు నుంచి సూర్యాపేట, కోదాడ మీదుగా బందరు చేరే 65వ నంబరు జాతీయ రహదారిదీ అదే దిశ. మిర్యాలగూడ వాళ్లు నల్లగొండ మీదుగా వచ్చి నార్కట్‌పల్లి దగ్గర ఈ రోడ్డెక్కుతారు. నది కూడా సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాన్ని చార్మినార్‌తో కలుపుతుంది. పాతబస్తీని ఒరుసుకుని వచ్చే మూసీ సూర్యాపేట పక్కగా పారి, మిర్యాలగూడకు దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

కట్టడం చదరంగా, ఒక్కో వైపు 20 మీటర్లు ఉంటుంది. కమాన్ల వెడల్పు 11 మీటర్లు. మినార్ల ఎత్తు కొన్ని పుస్తకాల్లో 48.7 మీటర్లని, మరికొన్నింటిలో 56 మీటర్లని కనబడుతుంది. గోడలకు నల్లరాయి, డంగు సున్నం వాడారు. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది. మినార్ల లోపల చుట్లు తిరుగుతూ పైకి పోయే మెట్లు 149.

చార్మినార్ అందమంతా గచ్చు పనిలో ఉంది. దగ్గరికి వెళ్లి మినార్ మొదలు నుంచి పైకి చూస్తూ పోతే, ఒక్కో అంతస్తుకూ కట్టిన వడ్డాణంలాంటి నగిషీ పట్టీ, కొసన గుమ్మటం అడుగున విచ్చుకున్న రేకులు కనిపిస్తాయి. సున్నంతో ఇంత సున్నితమైన పని చేసిన ఆ మేస్త్రీల పేర్లు చరిత్రకెక్కకపోవడం బాధాకరం.

చార్మినార్ దెబ్బలూ తిన్నది. మొగలుల ఏలుబడిలో పిడుగు పడి నైరుతి మినార్ విరిగితే 60 వేల రూపాయలు పెట్టి బాగు చేశారు. 1824లో లక్ష రూపాయలతో మొత్తం గచ్చు మళ్లీ వేశారు. 1889లో నాలుగు వైపులా గడియారాలు పెట్టారు. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి కింద పడింది. చుట్టూ బండ్ల రాకపోకలను తగ్గించాలన్న కోరిక ఎంత న్యాయమైనదో దానితో తేలిపోయింది. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులతో పాటు చార్మినార్ పేరు 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంది. అసలు గుర్తింపు ఇంకా రాలేదు.

సందర్శకులను ఇప్పుడు మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు. మెట్లు బాగా ఇరుకు. ఆ ఎత్తు నుంచే ఉత్తరాన చార్‌కమాన్, పడమర గాజుల లాడ్‌బజార్, నైరుతిన మక్కా మసీదు కంటినిండా కనిపిస్తాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చే బస్సులు ఆగే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు చార్మినార్ రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ. పనిమీద నగరానికి వచ్చినవాళ్లు ఓ పూట తీరిక చేసుకుని పైకెక్కి చూడాలి. గోడల మీద మాత్రం పేర్లు చెక్కవద్దు.