పెండ్లి దుస్తు వెనుక పనిచేతులు

పెండ్లి కుదిరిన ఇంట మొదట బయలుదేరే ఆలోచన బట్టలను గురించినది. ఏ రంగు, ఏ నేత, ఎంత వెల అని పెద్దలు తర్కిస్తారు. ఆ బట్టను నేసినవారెవరు, అల్లినవారెవరు అని అడిగేవారు అరుదు. ఈ ప్రశ్నకు ప్రాముఖ్యము లభించిన పెండ్లి చరిత్రలో ఒకటి ఉన్నది. అది 1840 ఫిబ్రవరి 10వ తేదీన లండనులోని సెంట్ జేమ్స్ రాజభవనంలో జరిగిన విక్టోరియా రాణి వివాహము.

అంతకు పూర్వము ఇంగ్లండులో పెండ్లికూతురు తెలుపే ధరించవలెనన్న నియమము లేదు. కలిగినవారిలో కొందరు తెలుపు ధరించినా, సామాన్యులు తరువాతి పండుగలకు కూడ పనికివచ్చే రంగు దుస్తులే కుట్టించుకొనేవారు. రాజవంశపు కన్యలకు వెండిజరీ వాడుక. 1816లో రాజకుమారి షార్లెట్ ధరించినది అట్టిదే. విక్టోరియా ఆ జరీని విడిచి తెల్లని సాటిను పట్టు గౌనును, దానిపై లేసును, తలపై కిరీటానికి మారుగా నారింజపూల దండను ఎంచుకొన్నది.

ఈ ఎంపికలో సొగసుతో పాటు బ్రతుకుతెరువు ప్రశ్న కూడ ఇమిడి ఉన్నది. పట్టు లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్ సాలెవారి మగ్గాలపై నేసినది. 1826 నుండి ఫ్రెంచి పట్టు దిగుమతికి అనుమతి లభించడంతో ఆ మగ్గాలు కష్టకాలంలో పడినవి. లేసు డెవన్ మండలములోని హానిటన్ పేరిట ప్రసిద్ధమైనది. దిండుపై గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కండెలకు చుట్టిన సన్నని దారాలను వాటి నడుమ అల్లి, పూవులు, ఆకులు తీర్చే పని అది. 1809లో జాన్ హీత్‌కోట్ వల నేసే యంత్రానికి పేటెంటు పొందిన తరువాత, చేతితో వల అల్లేవారికి గిరాకి తగ్గినది. రాణి లేసును బీర్ అనే సముద్రతీర గ్రామములోను, చుట్టుపట్లను 200 మందికి పైగా స్త్రీలు అల్లినారు. విచిత్రమేమనగా, వారు అల్లిన పూవులను కుట్టినది యంత్రము నేసిన వలపైననే. మరెవ్వరూ అనుకరించకుండ ఆ నమూనాలను పిమ్మట నాశనము చేసినారు.

తెలుపు వాడుక సముద్రాలు దాటినది. 1849 నాటికే ఒక అమెరికా మహిళా పత్రిక దానిని అనాది ఆచారము వలె వర్ణించినది! హానిటన్ లేసుకు కొంతకాలము గౌరవము దక్కినది. కాని పట్టుసాలెల కథ వేరు. 1860లో ఫ్రాన్సుతో జరిగిన వర్తక ఒప్పందము ఫ్రెంచి పట్టుపై సుంకము తొలగించగా, స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాలు క్రమముగా మూగవోయినవి. రాణి కోరిక ఆ యేటికి కూలి ఇచ్చినది, వృత్తిని నిలుపలేకపోయినది.

లేసు అనగానే మన గోదావరి తీరము తలపునకు రాక మానదు. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నరసాపురం ప్రాంతపు స్త్రీలకు ఈ అల్లిక నేర్పినారు. అక్కడ కండెలు లేవు. క్రోషియా సూది, నూలు ఉండలే సాధనాలు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయినది. 1982లో వెలువడిన మరియా మీస్ గ్రంథము ఈ పనిలోని వైపరీత్యమును ఎత్తిచూపినది. గంటల తరబడి అల్లే స్త్రీని లోకము పనిమనిషిగా గుర్తించదు. ఇల్లాలు తీరికవేళ చేసుకొనే కాలక్షేపమని భావిస్తుంది. అందువల్లనే ఆమె కూలి అతి స్వల్పము, లాభము వర్తకునిది.

బీర్ గ్రామపు స్త్రీలకైనా, నరసాపురపు స్త్రీలకైనా చేతిపని నిలిచేది ఒక్కరి ఔదార్యము వలన కాదు. ఏటేటా న్యాయమైన వెల ఇచ్చి కొనే వేలాది కుటుంబాల వలన. కనుక మధుపర్కాలు కొనేటప్పుడు, పట్టుచీర బేరమాడేటప్పుడు రంగును, అంచును చూచినట్లే, అల్లిన చేతికి ముట్టిన కూలిని గురించి కూడ ఒక్క మాట అడుగుదము. శుభకార్యానికి అదియు శోభయే.