మనవాడెవడు?

ఉప్పల్ స్టేడియం హైదరాబాద్‌కు తూర్పు కొసన. కర్దనూర్ పడమట, పటాన్‌చెరు పక్కన. 2021 వేసవిలో షిఫ్టు దిగి చాయ్ దగ్గర చేరినవాళ్లకి ఆ దూరం లెక్కలోకి రాలేదు. వార్నర్‌ని సన్‌రైజర్స్ ఉంచుకోవాలా, వదిలేయాలా? ఒకటే గొడవ.

ఉంచాలన్నవాళ్ల చేతిలో 2016 ఉంది: 848 పరుగులు, కప్పు. 2015, 2017, 2019ల్లో ఆరెంజ్ క్యాప్‌లు. 'బుట్టబొమ్మ'కి వేసిన స్టెప్పులు సరేసరి. వద్దన్నవాళ్ల చేతిలో ఆ సీజన్ ఉంది: ఆరు మ్యాచ్‌ల్లో ఐదు ఓటములు, చెన్నై మీద 55 బంతుల్లో 57. మే 1న కెప్టెన్సీ విలియమ్సన్‌కి పోయింది. మర్నాడు వార్నర్ తుదిజట్టులోనే లేడు.

అప్పుడు జట్టు మెంటార్ వి.వి.ఎస్. లక్ష్మణ్. ఈ వాదనలో ఎవరికీ గుర్తురాని పాత కథ ఆయనదే. 2008లో డెక్కన్ ఛార్జర్స్‌కి ఐకాన్ హోదా తానే వదులుకున్నాడు, మంచి ఆటగాళ్లని కొనడానికి డబ్బు మిగలాలని. ఆ ఏడు జట్టు అట్టడుగున నిలిచింది. 2009లో గిల్‌క్రిస్ట్ కప్పు తెచ్చాడు. 2011 వేలంలో మన హైదరాబాదీ కొచ్చికి వెళ్లిపోయాడు.

వార్నర్ ఢిల్లీకి వెళ్లి, 2022 మే 5న సన్‌రైజర్స్ మీదే 92 నాటౌట్ కొట్టాడు. మన జట్టు ఓడింది. అయినా ఆ రాత్రి చప్పట్లు కొట్టిన తెలుగువాళ్లు తక్కువేం కాదు.

జట్టు పేరులో ఊరుంటుంది. ఎవర్ని ఉంచుకోవాలో మాత్రం ఊరిని అడగరు. మనవాడెవడో తేల్చుకోవడం ఒక్కటే మనకి మిగిలింది. చాయ్ చల్లారేదాకా వాదించింది అందుకే.