చిల్లర నాణేలు, పిప్పరమెంటు బిళ్ళలు

పావలాతో పాటు అంతకంటే చిన్న నాణేలేవీ 2011 జూన్ 30 నుండి చెల్లవని ప్రభుత్వం ప్రకటించింది. పెద్దలెవరూ ఆ వార్తను అంతగా పట్టించుకోలేదు. అప్పటికే బిచ్చగాడు సైతం పావలాను తీసుకోవడం మానేశాడు. అయితే ఆ నాణేలతో పాటు ఒక చిన్న లోకం కూడా అధికారికంగా మూతబడింది. అది పిల్లలు తమంత తాముగా వెళ్ళి, తమ సొమ్ముతో, తమకు నచ్చినది కొనుక్కున్న లోకం. మిఠాయి చరిత్రలో నాణెం చరిత్ర కూడా కలిసి ఉంది.

ముందుగా మాట సంగతి చూద్దాం. సంస్కృతంలో చక్కెర పలుకును 'ఖండ' అన్నారు. ఆ మాట పారశీకంలో 'కంద్' అయి, అరబ్బీ, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషు చేరి 'క్యాండీ' అయింది. మన 'కలకండ'లో ఉన్నదీ ఆ ఖండమే. దేశాలు తిరిగి వచ్చిన బంధువును మనం గుర్తు పట్టలేదు. 'పిప్పరమెంటు'ది మరో చిత్రం. అది పుదీనా జాతి మొక్క పేరు. మనవాళ్ళు మాత్రం నారింజ రుచి బిళ్ళను, నిమ్మతొనను కూడా పిప్పరమెంటే అన్నారు. ఆ తరువాత కోకో వాసనైనా తగలని బిళ్ళలన్నీ 'చాక్లెట్లు' అయ్యాయి.

కర్మాగారపు బిళ్ళలు రాకముందు మన తిరునాళ్ళను ఏలినవి జీళ్ళు. బెల్లపు పాకాన్ని ముదరబెట్టి, నూనె రాసిన బల్లపై పోసి, చెయ్యి ఓర్చుకోగల వేడికి రాగానే గోడకు కొట్టిన మేకుకు తగిలించి లాగుతారు. లాగినదాన్ని మడిచి, తిరిగి తగిలించి, మళ్ళీ లాగుతారు. ప్రతి మడతలోనూ కొంత గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి వల్లనే నల్లని పాకం క్రమంగా బంగారు రంగుకు తిరిగి, పంటికి లొంగే గుల్లదనం తెచ్చుకుంటుంది. ఎంతకూ తెమలని వ్యవహారాన్ని మనం నేటికీ 'జీళ్ళపాకం' అంటున్నాం. ఆ పాకం లాగడాన్ని కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం తగ్గిపోయారు.

రంగుల చక్కెరపాకాన్ని వెదురు గడకు చుట్టుకుని వీధి వీధీ తిరిగిన మనిషి మీకు జ్ఞాపకం ఉన్నాడా? అడిగిన పిల్లవాడి మణికట్టుకు క్షణంలో గడియారం చుట్టేవాడు. నెమలి కావాలంటే నెమలి, పువ్వు కావాలంటే పువ్వు. అది తినే వస్తువో ఆడుకునే వస్తువో తేల్చుకునేలోగా ఎండకు కరిగి మోచేతి దాకా కారేది.

యంత్రాల మిఠాయి స్వదేశీ ఉద్యమపు రోజులలో బలపడింది. మోహన్‌లాల్ దయాళ్ చౌహాన్ 1929లో బొంబాయి శివారున విలే పార్లేలో మిఠాయి కర్మాగారం పెట్టాడు. ఊరి పేరే సరుకు పేరైంది. ఈనాడు పార్లే అంటే బిస్కెట్టే గుర్తుకు వస్తుంది గాని, ఆ ఇంట మొదట పుట్టింది బిళ్ళ. మహారాష్ట్రలోని రావల్‌గావ్‌లో వాల్‌చంద్ హీరాచంద్ 1933లో చక్కెర మిల్లు స్థాపించగా, తరువాతి దశాబ్దంలో ఆ చక్కెర మిఠాయిగా మారింది. తెలుగునాట ఈ గౌరవం చిత్తూరుది. 1952లో అక్కడ న్యూట్రిన్ సంస్థ మొదలైంది. చెరకు, బెల్లం, మామిడి విరివిగా దొరికే ఆ జిల్లా నుండి బయలుదేరిన బిళ్ళలు దేశమంతటా అమ్ముడయ్యాయి. వాటిలో 'మహాలాక్టో' పేరు తెలియని పిల్లవాడు మా కాలంలో లేడు.

ఇవి పల్లెల చిల్లర కొట్లకు చేరడంలో నాణేలు చేసిన సాయం తక్కువది కాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసల లెక్క వచ్చింది. పాత అణా ఆరు పైసలకు సరిపోయింది. పై పావు పైసా ఎవరి జేబులోకి పోయిందో కొట్టువాడికే తెలియాలి. 1960ల నుండి వచ్చిన తేలికైన అల్యూమినియం నాణేలు పిల్లల చేతికి సరిగ్గా అమరాయి. పలక పలకగా ఐదు పైసలు, అంచు వంపులు తిరిగిన పది పైసలు, ఆరు మూలల మూడు పైసలు. అక్షరాలు రాని పసివాడు సైతం జేబులో చెయ్యి పెట్టి, తడిమి, తన ఆస్తి ఎంతో చెప్పగలిగేవాడు. గాజు సీసాల ముందు నిలబడి, ఐదు పైసలకు ఒక మంచి బిళ్ళా, రెండు చిన్న బిళ్ళలా అని తర్కించుకోవడమే వాడి మొదటి అర్థశాస్త్రం.

కాలక్రమాన నాణెం విలువ కరిగింది. ఐదు పైసల బిళ్ళ పావలా అయింది, ఆపై అర్ధరూపాయి, చివరకు రూపాయి. చిల్లర కరువైనప్పుడు కొట్టువాళ్ళు నాణేనికి బదులు చాక్లెట్టు చేతిలో పెట్టసాగారు. బిళ్ళను కొన్న నాణెం పోయి, బిళ్ళే నాణెమై కూర్చుంది. అయితే ఆ చెలామణి ఏకముఖం. అవే చాక్లెట్లు పోగు చేసి ఇచ్చి ఉప్పు పొట్లం అడిగితే ఏ కొట్టువాడూ ఒప్పుకోలేదు.

సంస్థలూ చేతులు మారాయి. మద్రాసు ప్యారీస్ మిఠాయిలు 2004లో కొరియా లొట్టె చేతికి వెళ్ళాయి. చిత్తూరు న్యూట్రిన్‌ను 2006లో గోద్రెజ్ కొన్నది, మరుసటి ఏడు అమెరికా హెర్షీ భాగస్వామిగా చేరి 2012లో పూర్తిగా తీసుకున్నది. రావల్‌గావ్ బిళ్ళల పేర్లను 2024లో రిలయన్స్ 27 కోట్లకు కొన్నది. జ్ఞాపకాలకు కూడా వెల కట్టే వీలుందని ఆనాడు తెలిసింది.

ఇంతకూ పాతదంతా అమృతమేనా? పీచుమిఠాయినే తీసుకోండి. మన తిరునాళ్ళ సొత్తనుకునే దాని యంత్రాన్ని 1897లో అమెరికాలో రూపొందించిన ఇద్దరిలో ఒకడు విలియం మోరిసన్ అనే దంతవైద్యుడు! ఆ గులాబీ రంగులో బట్టలకు వేసే రోడమిన్-బి కలుస్తున్నదని తేలి, 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు దాని అమ్మకాన్ని ఆపాయి. ఎర్రని కొసతో సిగరెట్టులా ఉండే తెల్లని పుల్ల మిఠాయిని పెదవుల మధ్య పెట్టుకుని పొగ వదిలినట్లు నటించడం మాకు ఆట. ఆ ఆట ఏమి నేర్పిందో ఈనాటి తల్లిదండ్రులు అడిగితే జవాబు చెప్పడం కష్టం.

కనుక పోయినది రుచి కాదనుకుంటాను. ఉప్పూ కారం కలిసిన పచ్చిమామిడి రుచి 2015లో పల్స్ అనే రూపాయి బిళ్ళగా తిరిగి వచ్చి బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. పోయినది బేరం. ఈనాడు పిల్లలకు మిఠాయికి కొదవ లేదు. కాని అది పెద్దల ఫోను చెల్లింపుతో, పెద్దల ఎంపికగా, పెట్టెలకు పెట్టెలుగా ఇంటికి వస్తుంది. ఐదేళ్ళ పిల్లవాడు ఒంటరిగా కొట్టుకు వెళ్ళి, తన పిడికిట్లో వెచ్చబడిన ఐదు పైసలను బల్లపై ఉంచి, "అది కాదు, ఆ పచ్చది" అని వేలు చూపించే అధికారం మాత్రం ఏ పెట్టెలోనూ దొరకదు.