ఎమ్మారై స్కానింగు: గదిలో భద్రత

బలమైన అయస్కాంత క్షేత్రంతో, రేడియో తరంగాలతో శరీరం లోపలి భాగాలను బొమ్మకట్టే పరీక్ష ఎమ్మారై. ఎక్స్‌రేలో, సీటీ స్కానులో ఉండే అయనీకరణ వికిరణం ఇందులో లేదు. అందువల్లే దీనికి అపాయం లేని పరీక్షగా పేరొచ్చింది. వికిరణం సంగతి వరకు ఆ పేరు నిజమే. ఇక్కడి ప్రమాదాలు వేరే దారిన వస్తాయి.

ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేవి 1.5, 3 టెస్లాల యంత్రాలు. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. యంత్రంలోని తీగచుట్టను ద్రవ హీలియంలో, దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ చలిలో ఉంచుతారు. ఆ స్థితిలో తీగకు విద్యుత్ నిరోధం ఉండదు కాబట్టి, ఒకసారి ఎక్కించిన కరెంటు దానంతటదే తిరుగుతూ ఉంటుంది. స్కానింగు ముగిసినా, రాత్రి గదికి తాళం వేసినా, ఊరంతా కరెంటు పోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. చప్పుడు ఆగితే యంత్రం ఆగినట్టే అనుకోవడం చాలా ప్రమాదాలకు మూలం.

2001లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆరేళ్ల బాలుడు స్కానింగులో ఉండగా ఎవరో ఉక్కు ఆక్సిజన్ సిలిండరును గదిలోకి తెచ్చారు. అది ఎగిరివచ్చి తలకు తగిలి బాలుడు చనిపోయాడు. ఆ మరుసటి ఏడాదే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ భద్రతా మార్గదర్శకాలను ప్రచురించింది. స్కానింగు ఆవరణను నాలుగు మండలాలుగా విభజించి, లోపలికి పోయేకొద్దీ ప్రవేశాన్ని కట్టుదిట్టం చేయడం అందులోని ముఖ్యమైన ఏర్పాటు. 2018 జనవరిలో ముంబయిలో బంధువుకు తోడుగా వచ్చిన 32 ఏళ్ల యువకుడు సిలిండరు పట్టుకుని గదిలో అడుగుపెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. యంత్రం ఆపి ఉందని సిబ్బందే చెప్పారని అతని కుటుంబం ఆరోపించింది. 2025 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోనే, బల్ల మీదినుంచి భార్యను లేపడానికి లోపలికి వెళ్లిన 61 ఏళ్ల వ్యక్తిని మెడలోని బరువైన గొలుసు యంత్రంలోకి ఈడ్చింది. అతను మర్నాడు మరణించాడు.

ఈ చివరి ఇద్దరూ రోగులు కారన్నది గమనించాలి. ప్రశ్నలన్నీ రోగినే అడిగి, చెయ్యి పట్టుకుని నడిపించే మనిషిని వదిలేయడం ఈ వ్యవస్థలో పెద్ద లొసుగు.

శరీరం లోపలి లోహం మరో చిక్కు. పాత రకం పేస్‌మేకర్లు, మెదడు రక్తనాళాలకు వేసిన కొన్ని పాత క్లిప్పులు, చెవిలో అమర్చిన కాక్లియర్ పరికరాలు ఉంటే వాటి మోడల్ కాగితం చూడకుండా లోపలికి పంపకూడదు. ఇప్పటి పేస్‌మేకర్లలో చాలావాటిని కొన్ని షరతులతో అనుమతిస్తారు. వెల్డింగు, లేతు పనివాళ్ల కళ్లలో ఇనుపరజను మిగిలి ఉండవచ్చు. అనుమానం ఉంటే ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు.

మన ఇళ్లలో పేచీ వచ్చేది మంగళసూత్రం దగ్గర. బంగారాన్ని అయస్కాంతం లాగదు. అయినా గొలుసు వేడెక్కవచ్చు, బొమ్మ చెడవచ్చు. అసలు భయం ఆ గొలుసుకు తగిలించిన పిన్నీసులది: అవి ఉక్కువి. తీయడానికి మనసొప్పకపోతే దారానికి పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లవచ్చు. మెట్టెలు, మొలతాడు, జుట్టు పిన్నులు, జరీ అంచు చీర కూడా బయటే ఉండాలి.

రేడియో తరంగాల వల్ల చర్మం కాలే ప్రమాదమూ ఉంది. వైరు చుట్టగా పడి ఒంటికి తగిలినా, చేతులు ఒకదానికొకటి ఆని ఉన్నా అక్కడ వేడి పుడుతుంది. మధ్యలో మెత్తలు పెట్టేది అందుకే. యంత్రం మోత 100 డెసిబెల్స్ దాటవచ్చు కాబట్టి చెవి రక్షణ తప్పనిసరి.

కొన్ని పరీక్షలకు గాడోలినియం మందు ఎక్కిస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో చర్మం బిగుసుకుపోయే అరుదైన జబ్బుకు ఈ మందుతో సంబంధం ఉందని 2006లో బయటపడింది. అప్పటినుంచి అలాంటివారి విషయంలో ఏ రకం మందు వాడాలో, అసలు వాడాలో లేదో ముందుగా తేల్చుకుంటున్నారు.

ప్రాణాపాయంలో అయస్కాంతాన్ని ఆపడానికి ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే హీలియం ఆవిరై గొట్టం గుండా బయటికి పోతుంది. గొట్టం సరిగా లేకపోతే ఆ ఆవిరి గదిలో నిండి ఊపిరాడకుండా చేస్తుంది. 2014లో ముంబయి దగ్గర ఇద్దరు ఉద్యోగులు సిలిండరుకూ యంత్రానికీ మధ్య నాలుగు గంటలపాటు ఇరుక్కుపోయారు. ఆ రోజు మీట పనిచేయలేదు.

స్కానింగుకు ఎవరికైనా తోడు వెళ్తే, అడిగినా అడగకపోయినా మీ జేబులో, మెడలో, ఒంట్లో ఉన్న లోహం సంగతి గుమ్మం బయటే టెక్నీషియన్‌కు చెప్పండి.