పథకాల్లో తండ్రి ఎక్కడ? పడమటి ప్రకాశం నుంచి ఒక పరిశీలన

బాలకార్మిక వ్యవస్థ నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 1988లో జాతీయ ప్రాజెక్టు ప్రారంభించినప్పుడు ఎంచుకున్న తొలి కేంద్రాల్లో మార్కాపురం ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి సామాను, మార్కాపురం పలకలు ఒకే జాబితాలో చేరాయి. దేశంలోని పిల్లల చేతికి పలక అందించిన ఊళ్లోనే పిల్లలు బడి మానేసి పలకలు తయారుచేస్తున్నారన్నది అప్పటి అభియోగం. ఆ ప్రాజెక్టుకు మూలమైన 1987 నాటి జాతీయ విధానంలో మూడు అంశాలున్నాయి: చట్టం అమలు, బాలకార్మికుల కుటుంబాలకు అభివృద్ధి పథకాలు అందేలా చూడటం, బాలకార్మికులు ఎక్కువగా ఉన్నచోట ప్రత్యేక ప్రాజెక్టులు. మూడోదాని కింద నడిచిన ప్రత్యేక బడులే అందరికీ గుర్తున్నాయి. ఈ వ్యాసానికి మాత్రం రెండో అంశం ముఖ్యం. బిడ్డ పని మానాలంటే ముందు పెద్దవాళ్ల సంపాదన నిలబడాలన్న తర్కం అందులో ఉంది. తండ్రి ఉపాధినీ బిడ్డ చదువునూ కలిపి చూసిన ప్రభుత్వ ఆలోచన ఈ ప్రాంతానికి వచ్చింది అప్పుడే. కానీ అక్కడా తండ్రి సంపాదించే మనిషిగానే లెక్కకు వచ్చాడు. బిడ్డను పెంచడంలో అతని పాత్ర ఏమిటని ఎవరూ అడగలేదు.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో కర్నూలు జిల్లా నుంచి విడిపోయి, తర్వాత ప్రకాశంగా పేరు మారిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. జిల్లా మారింది గానీ కరువు మారలేదు. కంభం చెరువు కింద కొంత ఆయకట్టును పక్కనబెడితే సేద్యమంతా వానను, బోరును నమ్ముకున్నదే. ఆ బోరు నీళ్లలోనూ చాలాచోట్ల ఫ్లోరైడ్. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూపు దశాబ్దాలది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక రాతి పలకకు గిరాకీ పడిపోయింది. పరిశ్రమలో కొంత భాగం ఇళ్లకు, గోడలకు వాడే రాతి బిళ్లల తయారీకి, ఎగుమతులకు మళ్లింది. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను తినేస్తుంది. మిగిలిన దారి వలస. హైదరాబాద్, బెంగళూరులకు బేల్దారి పనికి, మిరప కోతల కాలంలో గుంటూరు, పల్నాడు వైపు. మగవాళ్లే వెళ్తే బిడ్డకు తండ్రి దూరం, అందరూ వెళ్తే బిడ్డకు బడి దూరం.

ఇలాంటి ఇంటికి చేరే పథకాలను వరసపెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలు గర్భిణితో, బాలింతతో, బిడ్డతో మాట్లాడతాయి. డ్వాక్రా సంఘాలు స్త్రీలవి. 2020లో మొదలైన అమ్మఒడి తల్లి ఖాతాలో డబ్బు వేసింది, దాని స్థానంలో 2025లో వచ్చిన తల్లికి వందనం కూడా అక్కడే వేస్తుంది. పేర్లలోనే తల్లి ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం షెడ్యూలు చూడండి: పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకు మించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించాలని రాశారు. కరువు పనికి తండ్రి కూడా వస్తాడు, పక్కనే గడ్డపార పట్టుకుని ఉంటాడు. బిడ్డను చూసుకోవడం అతని పనిగా చట్టం రాసినవాళ్లకు తోచలేదు.

డబ్బు తల్లి చేతికి ఇవ్వడాన్ని నేను తప్పుబట్టను. దానికి ఈ నేల మీదే బలమైన కారణం ఉంది. 1992లో పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మగవాడి కూలి ఎటు పోతున్నదో రాష్ట్రానికి చూపించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఇంట్లో మగవాడి ప్రవర్తన రాజకీయ ప్రశ్న కావడం తెలుగునాట అంతకు ముందు అరుదు. ప్రభుత్వం దుకాణం మూసింది, రెండేళ్లకే నిషేధాన్ని సడలించింది. తాగుడు మానాలనుకున్న తండ్రిని కూర్చోబెట్టి మాట్లాడే ఏర్పాటు మాత్రం ఆ ఉద్యమ ఫలితాల్లో చేరలేదు. స్త్రీలకు సంఘం దక్కింది. మగవాళ్లకు రచ్చబండ, బెల్టుషాపు మిగిలాయి.

తండ్రులతో పనిచేయడంలో ఇతర దేశాల అనుభవం ఉపయోగపడుతుంది, అయితే జాగ్రత్తగా తీసుకోవాలి. అమెరికాలో 2005 నాటి చట్టంతో పిల్లల పెంపకం, దంపతుల సంబంధం, ఉపాధి మూడింటినీ ఒకచోట చేర్చి తండ్రులకు కార్యక్రమాలు నడిపారు. మూల్యాంకనాల్లో పిల్లల పట్ల తండ్రుల ప్రవర్తన కొంత మెరుగైనట్టు తేలింది. సంపాదనలో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. మన పరిస్థితికి రువాండా అనుభవం దగ్గరగా ఉంటుంది. అక్కడి బందెబెరెహో కార్యక్రమంలో చిన్నపిల్లల తండ్రులను, కాబోయే తండ్రులను పదిహేను సమావేశాల వరకు కూర్చోబెట్టారు. కొన్నింటికి భార్యలనూ పిలిచారు. 1,199 జంటలతో జరిపిన అధ్యయనం 2018లో ప్రచురితమైంది. గర్భిణి పరీక్షలకు భర్తలు తోడు వెళ్లడం, ఇంటిపనిలో, పిల్లల పనిలో చేయి వేయడం పెరిగాయి, భార్యల మీద హింస తగ్గింది. దీనికి పెద్ద భవనాలు అక్కర్లేదు, శిక్షణ పొందిన స్థానికులు చాలు.

పడమటి ప్రకాశంలో అడ్డంకి డబ్బు కాదు, కాలెండరు. సమావేశం పెట్టిన నాటికి తండ్రి ఊళ్లో ఉండడు. ప్రతి వారం నడిచే తరగతి ఇక్కడ సాగదు. సంక్రాంతికి, ఉగాదికి, తిరునాళ్లకు, ఖరీఫ్ విత్తనాలప్పుడు మగవాళ్లు ఊరు చేరతారు, సమావేశాలు పెట్టాల్సింది ఆ రోజుల్లోనే. మనుషులను కూడగట్టే వేదిక కొత్తగా కట్టనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన మెగా పేరెంట్ టీచర్ సమావేశం బడి పిలిస్తే జనం వస్తారని చూపింది. అదే సభను వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చే వారానికి మార్చడానికి ఖర్చేమీ కాదు. అక్కడే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించవచ్చు, నైపుణ్య శిక్షణ దరఖాస్తులు తీసుకోవచ్చు. పని గురించి వచ్చిన తండ్రి బిడ్డ గురించి కూడా వింటాడు. ఒట్టి ఉపన్యాసానికైతే రాడు. వలస వెళ్లేవారి పిల్లలకు నడిపే సీజనల్ హాస్టళ్లలోనూ తండ్రి వారానికోసారి బిడ్డతో ఫోనులో మాట్లాడే సమయం కేటాయించవచ్చు.

ఒక హెచ్చరిక తప్పదు. తండ్రుల కార్యక్రమం పేరుతో డ్వాక్రా నిధుల మీదగానీ, తల్లి ఖాతా మీదగానీ చేయి పడితే స్త్రీలు మూడు దశాబ్దాల్లో సంపాదించుకున్నది పోతుంది. మహిళా సంఘాల ఒప్పుదల లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఆ షరతుకు లోబడి, వచ్చే సంక్రాంతికి మార్కాపురం, గిద్దలూరు మండలాల్లో కొన్ని బడులను ఎంచుకుని జిల్లా యంత్రాంగం ఈ ప్రయత్నం చేయాలి. అంతకు ముందు ఏడాదీ తర్వాత ఏడాదీ పిల్లల హాజరును, అంగన్‌వాడీకి తోడొచ్చిన తండ్రుల సంఖ్యను పోల్చి లెక్కలు బయటపెట్టాలి.