సూరత్ పత్తి పరిశోధన క్షేత్రం: రైతు విజ్ఞాన వ్యవస్థ చరిత్ర

గుజరాత్‌లో తాపీ నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా డుమస్ తీరం ఉంది. సూరత్ నగరం నుంచి డుమస్ వైపు వెళ్లే దారిలో అఠ్వా ప్రాంతంలో ఒక వ్యవసాయ క్షేత్రం కనిపిస్తుంది. 1896లో మొదలైన ఈ క్షేత్రం నేడు నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రధాన పత్తి పరిశోధన కేంద్రంగా పనిచేస్తోంది. ప్రపంచంలో వాణిజ్య సాగుకు వచ్చిన మొదటి పత్తి హైబ్రిడ్ 1970లో విడుదలైంది ఇక్కడినుంచే. దీన్ని ఒక శాస్త్రవేత్త ప్రతిభకు దక్కిన ఫలితంగా చెప్పడం పరిపాటి. ఆ ప్రతిభ నిజమే. అయితే ఈ కేంద్రం చరిత్రను మొదటినుంచీ చూస్తే మరో సంగతి బయటపడుతుంది. పరిశోధన క్షేత్రం, సహకార సంఘం, విత్తనం పండించే రైతు, మార్కెట్‌ను అదుపులో ఉంచే చట్టం ఒకదానికొకటి ఆసరాగా నిలిచిన కాలంలో ఇక్కడి కొత్త రకాలు పొలాల్లో నిలిచాయి. ఆ బంధం సడలిన చోట మేలైన విత్తనం కూడా రైతును గట్టెక్కించలేకపోయింది.

తొలి దశ: కల్తీతో పోరు

దక్షిణ గుజరాత్ నల్లరేగడి నేలల్లో పండే సూరత్, భరూచ్ దేశవాళీ పత్తికి 19వ శతాబ్దంలో బొంబాయి మార్కెట్‌లో మంచి పేరు ఉండేది. ఆ పేరును దెబ్బతీసింది గోఘారీ అనే రకం. దాని పీచు పొట్టిది, నాణ్యత తక్కువ. కానీ గింజ తీశాక మిగిలే దూది శాతం ఎక్కువ. గింజ తీసే జిన్నింగు మిల్లులు దూది బరువును చూసి ధర కట్టేవి కాబట్టి రైతుకు గోఘారీ వేయడమే లాభం. మిల్లులోనే విత్తనాలు కలిసిపోయి, మరుసటి ఏడు పొలంలో ఏ రకం మొలుస్తుందో తెలియని పరిస్థితి వచ్చింది. దీన్ని రైతు అజ్ఞానంగా చూడటం పొరపాటు. మార్కెట్ ఇచ్చిన సూచనను రైతు సరిగ్గానే చదివాడు, తప్పు ఆ సూచనలోనే ఉంది. క్షేత్రంలో ఎంత మంచి రకాన్ని తయారుచేసినా ధర కట్టే పద్ధతి మారనిదే అది ఊళ్లలో బతకదని సూరత్ శాస్త్రవేత్తలకు ఈ అనుభవం నేర్పింది.

చట్టం, సహకారం

1921లో భారత కేంద్ర పత్తి కమిటీ ఏర్పడింది. పత్తి వర్తకం మీద వేసిన సెస్సు దాని ఆదాయం. 1923లో పత్తి రవాణా చట్టం వచ్చింది. నాసిరకం పత్తిని బయటినుంచి తెచ్చి మేలురకం పండే ప్రాంతంలో కలపకుండా అది అడ్డుకుంది. 1925లో జిన్నింగు, ప్రెస్సింగు మిల్లుల చట్టం వచ్చింది. పీచు పొడవును, బలాన్ని కొలిచి చెప్పడానికి 1924లో బొంబాయి మాటుంగాలో సాంకేతిక ప్రయోగశాల మొదలైంది. ఇదే కాలంలో సూరత్ క్షేత్రం 1027 ఏ.ఎల్.ఎఫ్. అనే మెరుగైన రకాన్ని రైతులకు అందించింది.

ఈ రకాన్ని నిలబెట్టడంలో సహకార సంఘాలది పెద్ద పాత్ర. సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకా సోన్సక్‌లో 1919లోనే రైతులు పత్తి అమ్మకాల సంఘం పెట్టుకున్నారు. ఆ బాటలో జిల్లాలో మరెన్నో సంఘాలు వచ్చాయి. సభ్యులందరూ ఒకే రకం వేయడం, పత్తిని కలిపి గ్రేడు చేసి అమ్మడం, వేరుగా జిన్నింగు చేయించి ఆ గింజలనే మళ్లీ విత్తనంగా పంచుకోవడం వీటి పద్ధతి. నాణ్యతకు తగిన ధర రైతు చేతికి వచ్చింది, శుద్ధమైన విత్తనం ఊరిలోనే మిగిలింది. ఈ విస్తరణ పద్ధతిలో ఉపన్యాసాలకన్నా లెక్కల పుస్తకానికే బలం ఎక్కువ. సంఘం సభ్యుడికి ఆ రకం ఎందుకు వేయాలో ఎవరూ నచ్చచెప్పనక్కర్లేదు, ఏడాది చివర వచ్చే ధరే ఆ పని చేసేది.

హైబ్రిడ్-4

పత్తిలో రెండు రకాలను సంకరం చేస్తే మొదటి తరం మొక్క బలంగా, దిగుబడి ఎక్కువగా ఉంటుందని 19వ శతాబ్దం చివరికే గమనించారు. అమెరికాలో 1930లనుంచి హైబ్రిడ్ మొక్కజొన్న పొలాలను నింపింది. పత్తి మాత్రం లొంగలేదు. పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. సంకరం చేయాలంటే మరునాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రం చేత్తో విప్పి, పుంకేసరాలు తీసేసి, తెల్లవారాక మగ రకం పుప్పొడిని అద్దాలి. అలా ఒక్కో పువ్వుకు చేస్తే ఒక్కో కాయ దక్కుతుంది. ఇంత శ్రమతో వాణిజ్య స్థాయిలో విత్తనం తయారు చేయడం అసాధ్యమనే అభిప్రాయం చాలా దేశాల్లో ఉండేది.

సూరత్‌లో చంద్రకాంత్ టి. పటేల్ గుజరాత్-67 రకాన్ని తల్లిగా, అమెరికన్ నెక్టారీలెస్‌ను తండ్రిగా తీసుకుని హైబ్రిడ్-4 రూపొందించారు. 1970లో అది సాగుకు విడుదలైంది. ఇందులో ఆయన చేసిన అసలు సాహసం చేతి సంకరాన్ని క్షేత్రం గోడలు దాటించి రైతు పొలానికి తీసుకుపోవడమని చెప్పాలి. గుజరాత్‌లో విత్తన రైతులు ఈ పని నేర్చుకున్నారు. గడువు దాటిన మొగ్గను గుర్తించడం, తల్లి వరుసలో కలిసిన వేరే రకం మొక్కను పీకేయడం వంటి మెళకువలు పుస్తకాలతో రావు, చేతులకు అలవడాల్సిందే. మంచి విత్తనం సకాలంలో కొని పంచే వ్యవస్థ, మాట మీద నిలబడి శుద్ధత కాపాడే రైతు లేకపోతే ఆ హైబ్రిడ్ ఒక పరిశోధన పత్రంగానే మిగిలేది. 1972లో కర్ణాటకలోని ధార్వాడ్‌నుంచి వరలక్ష్మి హైబ్రిడ్ రావడం ఈ దారి దేశమంతటికీ పనికొస్తుందని రుజువు చేసింది. అదే ఏడాది గుజరాత్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి సూరత్ కేంద్రం దాని పరిధిలోకి వెళ్లింది. 2004లో ఆ విశ్వవిద్యాలయాన్ని విభజించినప్పుడు కేంద్రం నవసారికి చెందింది.

ఇంతలో సూరత్ జిల్లా పంటలు మారాయి. తాపీ నది మీద 1954లో కాకరాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ జలాశయం పూర్తయ్యాక కాలువ నీరు వచ్చిన చోట చెరకు, వరి పెరిగాయి. బార్డోలీ వంటి చోట్ల సహకార చక్కెర మిల్లులు నిలిచాయి. పత్తి పక్కకు తప్పుకున్నా, పత్తి సంఘాల్లో నేర్చిన కలిసి అమ్మే అలవాటు చెరకు రైతులకు పనికివచ్చింది. సూరత్ విత్తనం మాత్రం సౌరాష్ట్రకు, మహారాష్ట్రకు, తెలుగు నేలకు ప్రయాణించింది.

తెలుగు నేలలో ఆ విత్తనం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 1970లనుంచి పత్తి వేగంగా విస్తరించింది. నంద్యాలలో 1906నుంచి ఉన్న పరిశోధన కేంద్రం, గుంటూరు దగ్గరి లాం కేంద్రం స్థానిక రకాలు అందించాయి. విత్తనోత్పత్తి పని నంద్యాల ప్రాంతంలోనూ, తర్వాత గద్వాల నడిగడ్డలోనూ వేళ్లూనింది. సూరత్‌లో పుట్టిన చేతి సంకరం (క్రాసింగు) పద్ధతికి నేడు దేశంలో ముఖ్యమైన నెలవుల్లో గద్వాల ఒకటి.

అయితే పత్తి వచ్చినంత వేగంగా దాని వెనకాల ఉండాల్సిన ఏర్పాటు రాలేదు. 1984–85లో తెల్లదోమ, 1987–88లో శనగపచ్చ పురుగు కోస్తా పత్తిని తుడిచిపెట్టాయి. అప్పుల్లో కూరుకుపోయిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997–98లో వరంగల్‌లో అదే దారుణం పునరావృతమైంది. పురుగు పడినప్పుడు రైతుకు దొరికిన సలహాదారు పురుగుమందు అమ్మే దుకాణదారే, అప్పు ఇచ్చేవాడూ తరచుగా అతడే. 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ రైతులను అడిగితే వంద మందిలో 40 మందే ఆధునిక సాగు సమాచారం ఏదో ఒక చోటినుంచి అందుతోందన్నారు. తోటి ఆదర్శ రైతులనుంచి అందుతోందన్నవారు సుమారు 17 శాతం, దుకాణదారులనుంచి 13 శాతం, ప్రభుత్వ విస్తరణ సిబ్బందినుంచి 6 శాతం లోపే. సూరత్ సంఘాల కాలంలో సలహా ఇచ్చేవారికీ రైతుకూ లాభనష్టాలు ఒక్కటే. దుకాణం దగ్గర ఆ సంబంధం తెగిపోయింది.

అభ్యంతరాలు

ప్రైవేటు కంపెనీలు కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ పత్తితో సాధించిన వ్యాప్తి ముందు ఈ పాత ఏర్పాటు ఎందుకని కొందరు అడుగుతారు. ప్రశ్నలో బలం ఉంది. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పదేళ్లలో అది దేశపు పత్తి విస్తీర్ణంలో 90 శాతం దాటింది. హెక్టారుకు సుమారు 300 కిలోలున్న దూది దిగుబడి 2007–08కి 550 కిలోలు దాటింది. కానీ ఆ వృద్ధి నిలవలేదు. గులాబీ రంగు పురుగు బీటీకి తట్టుకుంటోందన్న తొలి ప్రకటన 2010లో గుజరాత్ జిల్లాల గురించే వెలువడింది. పురుగు తట్టుకునే శక్తి పెంచుకోకుండా పొలం చుట్టూ బీటీ కాని పత్తి వరుసలు వేయాలి. అందుకే 450 గ్రాముల విత్తన సంచితో 120 గ్రాముల పొట్లం వేరుగా ఇచ్చారు. చాలామంది దాన్ని వేయలేదు. ఒక్కడు వేసి పక్కవాడు వేయకపోతే లాభం లేదు. ఊరంతా కలిసి పాటించాల్సిన నియమాన్ని రైతులకు ఒక్కొక్కరికీ విడిగా అమ్మిన సంచితో అమలు చేయించలేం.

రెండో అభ్యంతరం మరింత తీవ్రమైనది. హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాలి. రైతు చేతిలోని విత్తనాన్ని కంపెనీ చేతికి మళ్లించిన దారిని తెరిచింది సూరతే అంటారు. ఇది నిజం. దానికి తోడు గుజరాత్‌లోనూ తెలుగు ప్రాంతాల్లోనూ విత్తన పొలాల్లో చిన్నపిల్లలతో, ముఖ్యంగా ఆడపిల్లలతో క్రాసింగు చేయించిన చరిత్రను 1990ల చివరినుంచి ఎన్నో అధ్యయనాలు నమోదు చేశాయి. ఈ మచ్చను ఏ ఘనతా చెరపదు. దీన్నిబట్టి హైబ్రిడ్లే వద్దనడం కన్నా ఆ వ్యవస్థలో ఎవరికి చోటు లేకపోయిందో గుర్తించడం సరైనది. పాత సంఘాలు భూమి ఉన్న రైతునే సభ్యుడిగా చూశాయి. మొగ్గ విప్పిన చేతులకు వాటిలో మాట లేదు, ధరలో వాటా లేదు.

అంచనా

సూరత్ క్షేత్రం నూట ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్రలో 1027 ఏ.ఎల్.ఎఫ్.నూ, హైబ్రిడ్-4నూ నిలబెట్టింది క్షేత్రానికీ పొలానికీ మధ్య అల్లుకున్న నమ్మకమైన సంబంధాలే. గులాబీ రంగు పురుగు విజృంభణకు దారితీసింది అవి లేకపోవడమే. కొత్త రకాలకు ప్రభుత్వాలు ఖర్చు పెడుతూనే ఉన్నాయి. ఆ డబ్బులో తగిన వాటా రైతు సంఘాలకు, దుకాణంతో సంబంధం లేని గ్రామస్థాయి సలహాదారులకు, విత్తన పొలాల్లో పెద్దలకు న్యాయమైన కూలికి వెళ్లాలి. అది జరగనంతకాలం తదుపరి మంచి విత్తనం కూడా రైతును వరంగల్ బాట పట్టించక తప్పదు.