ఉమ్మడి ఎలక్ట్రానిక్ వనరుల చందా పునరుద్ధరణ

విద్యాసంస్థల గ్రంథాలయాలు కన్సార్టియంగా ఏర్పడి ఉమ్మడిగా తెప్పించుకునే ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు, డేటాబేసుల చందాను గడువు ముగిసేటప్పుడు కొనసాగించాలా, తగ్గించాలా, మానుకోవాలా అని తేల్చే ప్రక్రియ.

ప్రమాణాలు: మొదట చూసేది వాడకం. ‘కౌంటర్’ ప్రమాణం ప్రకారం ప్రచురణ సంస్థలు ఇచ్చే నివేదికల్లోని వాడకాల సంఖ్యతో చందా మొత్తాన్ని భాగిస్తే, ఒక్కో వాడకానికి అయిన ఖర్చు తెలుస్తుంది. పాఠకులు కొద్దిమందే ఉండే శాఖలకు ఈ లెక్క ఒక్కటే కొలమానమైతే అన్యాయం జరుగుతుంది. అందుకే అధ్యాపకుల అభిప్రాయం, ఏటా పెరిగే ధర, ఓపెన్ యాక్సెస్‌లో ఉచితంగా దొరికే వ్యాసాల వాటా, చందా ఆపినా పాత సంచికలు చదువుకునే హక్కు కూడా పరిశీలిస్తారు. ఒక సభ్యసంస్థ తప్పుకుంటే మిగతావాటిపై భారం పెరగవచ్చు. కాబట్టి ఖర్చు పంపకాన్నీ మళ్లీ చర్చిస్తారు.

ఉదాహరణ: పది ప్రాంగణాలున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఖర్చు, ఓపెన్ యాక్సెస్ విషయాల్లో అంగీకారం కుదరక, 2019 ఫిబ్రవరిలో ప్రచురణ సంస్థ ఎల్సెవియర్‌తో చర్చలు ముగించింది. 2021 మార్చిలో కొత్త ఒప్పందం కుదిరింది.

భారతదేశంలో: వేర్వేరు కన్సార్టియాలను కలిపి 2015లో ‘ఈ-శోధ్‌సింధు’ ఏర్పడింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నళ్లు ఇందులో ఉన్నాయి. ఇంత ప్రజాధనంతో ముడిపడినందున, పునరుద్ధరణ నిర్ణయాలు వాడకం లెక్కలతో పాటు పరిశోధకుల అవసరాన్నీ గౌరవించాలి.